తొమ్మిదో నంబరుకు హాజరు పలికిందెవరు?

హన్మకొండ చౌరస్తాలో మందుల దుకాణం మీది గదే ప్రైవేటు డిటెక్టివ్ వినోద ఆఫీసు. ఎదుటి కుర్చీలోని అమ్మాయి చున్నీ అంచు నలుపుతూ కూర్చుంది. అసిస్టెంటు శశాంక్ మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

"నా పేరు శ్రీలత, మేడమ్. ఇంజనీరింగ్ కాలేజీల పీహెచ్‌డీ చేస్తున్న. పాలంపేట దిక్కు వాగులు ఎప్పుడు పొంగుతయో ముందుగాల చెప్పే లెక్క నాది. నేను లెక్క దాచిన్నని సోమవారం కమిటీ ముంగట నిలవెడ్తరట. చదువు పోతది, ఇజ్జత్ పోతది."

"దాచినవా?"

"మా అమ్మ మీద ఒట్టు, లేదు!"

"ఒట్టు సంగతి తర్వాత. అయిందేందో చెప్పు."

ఆమె చెప్పింది ఇదీ. అంత పెద్ద లెక్క ఒక్క కంప్యూటర్ వల్ల కాదు. అందుకని తాళం వేసిన గదిలో పన్నెండింటిని కలిపి, పనిని ముక్కలు చేసి పంచుతారు. ప్రతిదీ క్షణక్షణం "ఉన్నాను" అని కబురు పంపుతుండాలి, బడిలో హాజరు పలికినట్టు. ఆ కబుర్లు అందుకునే ప్రోగ్రాం హైదరాబాద్‌లో అద్దె కంప్యూటర్‌లో నడుస్తుంది. ఏదైనా నోరు మూస్తే వెంటనే శ్రీలత ఫోనుకు మెసేజ్ వస్తుంది. ఈసారి తొమ్మిదో నంబరు వంతు లెక్క రాలేదు. హాజరు మాత్రం పలుకుతూనే ఉంది. యంత్రం బాగానే ఉంటే లెక్క ఏమైనట్టు? తన సిద్ధాంతానికి నప్పక ఆమే చెరిపేసిందని గైడు వెంకట్రాజం తేల్చేశాడు.

"గది తాళం ఎవరి దగ్గరుంటది?"

"సిస్టమ్స్ చూసే రమాకాంత్ సార్ దగ్గర. దేవుడసొంటి మనిషి. ఇంకోటి అఖిల్ దగ్గర. వాడు నాతోటి స్కాలరే గని మాకిద్దరికి పడది."

శశాంక్‌కు తక్షణమే అఖిల్ మీద అనుమానం కలిగింది. అతని అనుమానాలకు ఆకలెక్కువ.

దసరా వెళ్లి వారం కాలేదు. వినోద, శశాంక్ వెళ్లేసరికి కాలేజీలో కంప్యూటర్లకు, ప్రింటర్‌కు, చివరికి నీళ్ల కూలర్‌కు కూడా ఆయుధపూజ నాటి కుంకుమ బొట్లున్నాయి. మెట్ల దగ్గర ఒక బైకుకైతే బంతిపూల దండ, నిమ్మకాయ, మూడు బొట్లు. అది రమాకాంత్‌దని శ్రీలత చెప్పింది.

అఖిల్ తన బొట్టు పెట్టిన కంప్యూటర్ ముందునుంచి లేవకుండానే జవాబిచ్చాడు. "ఆమెకు నాకు పడదు, నిజమే. అట్లని ఆ మిషిన్‌ను ఏంజేస్త?"

రమాకాంత్ చాయ్ తెప్పించాడు. అతని బల్లమీది కంప్యూటర్ మచ్చలేకుండా తళతళలాడుతోంది. "శ్రీలతమ్మను చూస్తే పాణం గుంజుకుపోతాంది మేడమ్. అద్దంలకెల్లి చూడుండ్రి, తొమ్మిదోదానికి లైటు వెలుగుతనే ఉన్నది. తలుపు తీస్తే దుమ్ము వోతది."

బయటికి వచ్చాక వినోద శ్రీలతను అడిగింది. "పూజ నాడు లోపలి మిషిన్లన్నీ బంద్ చేసిన్రా?"

"మెయిన్ బంద్ చేసి బొట్లు వెట్టినం. తెల్లారేదాక ముట్టలె. ఫోన్ల మెసేజులు వరుసగ వచ్చినయ్. మేమే బంద్ చేసినం గదా అని చూడలె."

వినోద ఆ మెసేజులు చదివి ఫోను తిరిగిచ్చేసింది. మధ్యాహ్నం అందరినీ రమాకాంత్ గదికి పిలిపించింది.

"పూజ నాడు గదిల కరెంటే లేదు," అంది వినోద. "మిగిలిన పదకొండిటి పేరుమీద మెసేజులొచ్చినయ్, తొమ్మిదోదాని పేరుమీద రాలె. అంటే దాని బదులు వేరే కంప్యూటర్ ఏదో హాజరు పలుకుతాంది. ఆ కంప్యూటర్‌ను పూజ నాడు గూడ బంద్ చెయ్యలె. బంద్ చెయ్యనిదాన్ని పూజల పెట్టరు. కూలర్‌కు సుత బొట్టు పెట్టిన కాలేజీల, బొట్టు లేనిది ఒక్కటే కనవడ్డది."

అందరి చూపులూ బల్లమీదికి మళ్లాయి.

"మర్చిపోయిన మేడమ్," అన్నాడు రమాకాంత్.

"బైకుకు మూడు బొట్లు వెట్టినోళ్లు దీన్ని మర్చిపోతరా? శశాంక్, ప్లగ్గు పీకు."

శశాంక్ పీకాడు. వెంటనే శ్రీలత ఫోను మోగింది. తొమ్మిదో నంబరు ఆగిపోయిందని మెసేజ్.

గది తెరిచి తొమ్మిదోదాని పెట్టె విప్పారు. లోపల ఫ్యాను, లైటు ఉన్నాయి గానీ లెక్కలు చేసే పెద్ద బోర్డు లేదు.

రమాకాంత్ ఒప్పుకున్నాడు. "మా తమ్మునికి పెండ్లి వీడియోల స్టూడియో ఉన్నది. వీడియోల పనికని ఆ బోర్డు వానికిచ్చిన. సీజన్ అయిపోంగనే తెచ్చి పెడ్దామనుకున్న. ఈమె మీదికి వస్తదనుకోలె."

"వచ్చినంక గూడ నోరు తెరవలె," అంది వినోద. "ఒక్క బొట్టు పెట్టేస్తే నాకు దొరక్కపోదురు."

"నడుస్తున్నదానికి, అందులో దొంగపనికి పెట్టినదానికి, అమ్మవారి బొట్టు ఎట్ల వెడ్త మేడమ్? చెయ్యి రాలె."

అంత భక్తి ఉన్న మనిషికి ఆడపిల్ల పరువు తియ్యడానికి మాత్రం చెయ్యి వచ్చింది.

బోర్డు తిరిగొచ్చింది. ఆదివారానికి తొమ్మిదో ముక్క లెక్క పూర్తయింది. వెంకట్రాజం ఫిర్యాదు కాగితం చింపేశాడు గానీ క్షమించమనలేదు. ఆ మాట నోట రావాలంటే గైడులకు ఇంకో పీహెచ్‌డీ కావాలి. లెక్క చూసి కళ్లద్దాలు తీశాడు. ఆ ముక్క గడిచిన ఒక ఏడాది వానలది; శ్రీలత సూత్రం పొంగదన్న వాగు ఆ ఏడు నిజంగా పొంగింది.

"ఇది థీసిస్‌ల పెడితే నీ సిద్ధాంతం సగం కూలుతది, శ్రీలతా."

"పెడ్త సార్. ఆ వాగు పొడుగున ఊర్లున్నయ్. తప్పని తెలిసినంక ఎట్ల దాస్త?"

వెంకట్రాజం కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. సంతకం చేసి కాగితాలు ఆమె చేతికిచ్చాడు.