కూతురి కమీషన్

ఆ ఉదయం వరహాలమ్మ ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతుంటే వాకిట్లో స్కూటీ ఆగిన చప్పుడైంది. ఎవరొచ్చారో ఆవిడ తొంగి చూడక్కర్లేదు. చెప్పులైనా విప్పకుండా "అమ్మా, టీ!" అని వీధిలోంచే కేకేసే మనిషి ఆ హిందీ ఊళ్లోని డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ మొత్తానికి తన కూతురు అమూల్య ఒక్కతే.

మామూలుగా అయితే ఆ కేక వినగానే ఆవిడ ముఖం చేటంత అయ్యేది. ఆ రోజు మాత్రం గుండెల్లో రాయి పడింది.

కారణం లేకపోలేదు. భర్త నూకరాజు వ్యాగన్ షాపులో ఫిట్టరుగా రిటైరయ్యాడు. రైల్వే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. అభన్‌పూర్ రోడ్డులో కొత్తగా కట్టిన ఇళ్లలో ఒకటి వరహాలమ్మ పేరున బుక్ చేశారు. అమూల్య చేసేది అచ్చంగా ఆ పనే, కొత్త ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు ఉద్యోగం. అయినా వాళ్లు బుక్ చేసింది కూతురి ద్వారా కాదు, వెనక లైన్లో ఉండే ఇంకో ఏజెంటు ప్రేమ్‌చంద్ ద్వారా. ఆ సంగతి ఇంకా అమూల్య చెవిన పడలేదు.

కొత్త ఇల్లు అమ్మిపెడితే ఏజెంటుకి కమీషన్ ఇచ్చేది బిల్డరే. అందులోంచి కొంత ఏజెంటు కొన్నవాళ్లకి తిరిగిస్తాడు. కాలనీ జనం దాన్ని వాపసు అంటారు. వాపసు ఎవరు బాగా ఇస్తే వాళ్ల వెనకే పోతారు, అందులో మొహమాటమేం లేదు. నూకరాజుకి వచ్చిన డబ్బుకీ, కొడుకు శివాజీ విశాఖ నుంచి పంపినదానికీ ఆ వాపసు కూడా తోడైతేనే రిజిస్ట్రేషన్ గట్టెక్కుతుంది. అమూల్య దగ్గర కొంటే ఆ వాపసు ఆమె చేతుల్లోంచి తీసుకోవాలి. ఆమె చూస్తే మొగుడితో పడక, చిన్నపిల్ల నవ్యని వెంటబెట్టుకుని గుఢియారీలో అద్దెకుంటోంది. ఎండనక వాననక తిరిగితేగానీ ఇల్లు గడవదు.

"ఆడపిల్ల కష్టం మనం తింటే పుట్టగతులుంటాయేటండీ?" అన్నది వరహాలమ్మే. నూకరాజు కాదనలేదు.

అమూల్య వంటింట్లోకి వచ్చి తల్లి భుజాలు పట్టుకుని ఊపేసింది.

"నాన ఏడీ? జల్దీ రమ్మను. ఖుష్ ఖబర్! వేసవిలో నానని బండి మీద అభన్‌పూర్ రోడ్డుకి తీసుకెళ్లి ఇళ్లు చూపించినాను గదా, అక్కడ తూర్పు ముఖం ఇల్లొకటి మిగిలింది. మేనేజర్ కాళ్లావేళ్లా పడి ఆపించినాను. నా కమీషన్‌లో ఒక్క పైసా నాకొద్దు. మొత్తం మీకే వాపసు."

వరహాలమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది. ఉల్లిపాయల సాకు దొరికింది కాబట్టి కళ్లు తుడుచుకుంది.

"ఏటమ్మా, మాట్లాడవు? నచ్చనేదా?"

"నీళ్లు తాగు ముందు. ఎండలో వచ్చినావు."

అంతలో అలమరలో ఉన్న నూకరాజు ఫోన్ మోగింది. ఆయన స్నానాల గదిలో ఉన్నాడు. అమూల్య అలవాటుగా అందుకుంది. ఆమె హలో అనేలోపే అవతలి నుంచి ప్రేమ్‌చంద్ గొంతు గలగలా మోగింది.

"మావయ్యా, మీ వాపసు పక్కా చేసీసినాను. రిజిస్ట్రేషన్‌కి ముందుగానే నా జేబులోంచి కట్టీసినాను కూడా. ఒకటే మాట, అమూల్యకి ఇప్పుడే చెప్పకండి. ఫాల్తూ పరేషానీ, ఉత్తి గొడవ."

అమూల్య ఫోన్ పెట్టేసింది. తల్లి వైపు తిరిగింది. తలకి తువ్వాలు చుట్టుకుని నూకరాజు వచ్చేసరికి ఇద్దరూ అలాగే నిలబడి ఉన్నారు.

"ఊరందరికీ వాపసిచ్చినాను నాన. ముక్కూమొహం తెలీనోళ్లకి కూడా ఇచ్చినాను. మీకివ్వనని అనుకున్నారా?"

"ఇస్తావనే భయమే, తల్లీ" అన్నాడాయన నెమ్మదిగా. "నీకే చాలీచాలని బతుకు. నీ నోటి దగ్గర కూడు లాక్కోమంటావా?"

"శివాజీ పంపింది తీసుకున్నారు గదా. వాడికి కూడు అక్కర్లేదా?"

"వాడు మగపిల్లాడు గదే" అంది వరహాలమ్మ. అనేశాక నాలుక కరుచుకుంది.

అమూల్య ముఖం పాలిపోయింది. "అంటే ప్రేమ్‌చంద్ డబ్బు పరవానేదు, తమ్ముడి డబ్బు పరవానేదు. నాదొక్కటే అంటరానిదన్నమాట. అమ్మా, నా పని నడిచేదే నమ్మకం మీద. నా దగ్గర ఇల్లు కొందామనుకుంటున్న త్రివేణి ఆంటీ రేపు ఏమంటాది? మీ అమ్మే నీ దగ్గర కొననేదు, నేనెందుకు కొనాలని అడిగితే ఏం చెప్పను?"

"నీ మంచికేనే..."

"నా మంచి నన్నడిగినారా?"

టీ తాగకుండానే వెళ్లిపోయింది. స్కూటీ చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా వరహాలమ్మ గుమ్మంలోనే నిలబడింది. సగం తరిగిన ఉల్లిపాయలు వంటింట్లో అలాగే ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు.

అమూల్య భయపడినట్టే అయింది. త్రివేణి ఇల్లు తర్వాత చూస్తానంది. ఆవిణ్ణి చూసి మరొకరూ వెనక్కి తగ్గారు. వరహాలమ్మ ఫోన్ చేస్తే నవ్య తీసి, "మమ్మీ బిజీ, అమ్మమ్మా" అనేది. వెనకాల కూతురు ముక్కు చీదుకోవడం ఆవిడకి వినిపిస్తూనే ఉండేది.

ఆ వారంలోనే సైట్ ఆఫీసు నుంచి కబురొచ్చింది. సంతకాల పని మీద వెళ్లిన నూకరాజుని మేనేజర్ గుర్తుపట్టాడు. ఈయన మొదట వచ్చింది అమూల్య మేడమ్‌తో కదా! కొనేవాళ్లని ఎవరు ముందు తీసుకొస్తే కమీషన్ వాళ్లదే, అది వాళ్ల పద్ధతి. తేల్చడానికి అందర్నీ పిలిపించాడు.

ప్రేమ్‌చంద్ తలొంచుకుని కూర్చున్నాడు. కమీషన్ రాకపోతే తను కట్టిన వాపసు అతను వెనక్కి అడక్క తప్పదు. అమూల్య దూరంగా, గోడవారన కుర్చీలో ఉంది. తల్లిదండ్రులకి నమస్కారమైతే పెట్టింది గానీ పక్కకి రాలేదు. నవ్వులో కూడా ఆఫీసు మర్యాదే ఉంది. 

"మేడమ్, మీరు అవునంటే చాలు. కమీషన్ మీకే రాస్తాను" అన్నాడు మేనేజర్ హిందీలో.

నూకరాజు ఏదో అనబోయాడు. అంతకుముందే అమూల్య లేచింది.

"వద్దు సార్. ప్రేమ్‌చంద్ గారి పేరునే ఉంచండి. నా పేరున వస్తే మావాళ్లు ముట్టుకోరు. వాపసు లేకపోతే వాళ్లకి ఇల్లు దక్కదు. నాకు హక్కేం లేదని రాసిచ్చేస్తాను."

కాగితం మీద గబగబా రాసి సంతకం పెట్టేసింది.   అప్పుడర్థమైంది వరహాలమ్మకి. ఆ కమీషన్ మొదటినుంచీ కూతురిదే. ఏ సొమ్ము ముట్టుకోకూడదని ఇంత నాటకమాడారో అదే ఇప్పుడు వాళ్ల ఇంటికి చేరింది. మిగతాది పరాయివాడి జేబులోకి పోయింది. కూతురికి మాత్రం కన్నవాళ్లే తనని నమ్మలేదన్న పేరు మిగిలింది.

"లేదు బాబూ!" వరహాలమ్మ హిందీ అంతంతమాత్రం, అయినా లేచి నిలబడింది. "హమారా బేటీ లాయా! తెచ్చింది మా పిల్లే, దాని పేరే రాయండి. తప్పు మాది."

"అయిపోయిందమ్మా" అంది అమూల్య కాగితం మేనేజర్ ముందుకి జరిపి. "ఇల్లు బాగుంటాది. పొద్దున్నే ఎండొస్తాది. నాన మోకాళ్లకి మంచిది."

బయటికొచ్చారు. ప్రేమ్‌చంద్ మొహం చెల్లక బండెక్కి వెళ్లిపోయాడు. అమూల్య స్కూటీ తాళం తీస్తుంటే వరహాలమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. క్షమించమని అడుగుదామనుకుంది. కన్నకూతురిని ఆ మాట ఎలా అడగాలో తెలియలేదు. గేటు పక్కన బండి మీద అటుకుల పోహా, జిలేబీ అమ్ముతున్నారు.

"ఆకలేస్తోందే" అంది. "మాకేటైనా కొనిపెట్టు."

అమూల్య వింతగా చూసింది. ఉద్యోగం మొదలెట్టిన నాటినుంచీ తల్లి తన చేత ఒక అరటిపండు కూడా కొనిపించుకోలేదు. ఆఖరికి ఆటో డబ్బులు కూడా పోట్లాడి తనే ఇచ్చేది. ఇప్పుడు చంకలో సంచీ ఉన్నా దాని జిప్పు మీద చెయ్యి వెయ్యకుండా ఊరికే నిలబడింది.

అమూల్య డబ్బులిచ్చి రెండు ప్లేట్లు తెచ్చింది. తల్లికి అందిస్తూ, "నా డబ్బే అమ్మా. పరవానేదా?" అంది. ఎత్తిపొడుపుగా మొదలైన మాట చివరికి ఏడుపులోకి దిగిపోయింది.

నూకరాజు ప్లేటు పట్టుకుని అటు తిరిగిపోయాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి.  వరహాలమ్మ ప్లేటు స్కూటీ సీటు మీద ఆనించి ముద్ద నోట్లో పెట్టుకుంది.  కన్నీళ్లతో కలిపి ఎలాగో మింగింది, ప్లేటంతా ఖాళీ చేసింది. రెండో చేత్తో కూతురి చున్నీ అంచు వదలకుండా పట్టుకునే ఉంది.

"ఇంకొంచెం పెట్టించవే, తల్లీ" అంది.