నాలుగు తీతువు గుడ్లు

"జెస్సికా, ఇంకో పుల్ల మునిగింది!" అని భాను అరిచింది.

జెస్సికా పరుగెత్తుకొచ్చి చూసింది. శనివారం పొద్దున బడికి పోయేముందు, నీళ్లు ఎంత పైకొస్తాయో చూడ్డానికి ఇద్దరూ కలిసి నీటి అంచు నుంచి పైకి ఐదు పుల్లలు గుచ్చారు. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి రెండే మిగిలాయి.

నదికి దిగువన కరెంటు కోసం పెద్ద డ్యామ్ కట్టారు. దాని గేట్లు మూసినప్పటి నుంచి గోదావరి నీళ్లు వెనక్కి ఎగదన్నుతున్నాయి. వాళ్ల పాత ఊరు అప్పటికే మునిగిపోయింది. రేవు పక్కనుండే ఇప్పచెట్లు నడుము లోతు నీళ్లలో ఆకులు రాలి నిలబడ్డాయి. ఊళ్లో వాళ్లకు గుట్ట మీద కొత్త కాలనీ కట్టించి ఇచ్చారు. పాత ఊరిలో ఇంకా పొడిగా మిగిలింది ఒకప్పుడు వడ్లు నూర్చిన కళ్లం ఒక్కటే.

ఆ కళ్లంలో గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లున్నాయి. మట్టిరంగు మీద నల్లచుక్కలు. గూడంటూ ఏమీ లేదు, చిన్న గుంట అంతే. తల్లి తీతువు ఇద్దరి నెత్తి మీద గిరగిరా తిరుగుతూ అరుస్తోంది.

"పోదాం పావే. తీతువు అరిస్తే మంచిది కాదంటరు," అంది భాను.

"గుడ్లు మునిగితే మంచిదా? రేపటికి ఈడ ఏం మిగలదు."

"మీ నానమ్మను అడుగుదాం మరి. ఆమె మేకల్ని కాసింది గదా, గివన్నీ ఎరుకే."

జెస్సికా మూతి తిప్పింది. "నానమ్మనా? కొత్తిల్లు ఇచ్చిండ్రు, నల్లా నీళ్లు ఇచ్చిండ్రు, ఫ్యాన్ ఉంది. అయినా రోజంతా మొగం ముడుచుకునే కూసుంటది. ఆమేం చెప్తది?"

జెస్సికా సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసింది. క్రాఫ్ట్ క్లాసుకు తెచ్చుకున్న దూదిని అందులో పరిచింది. గుడ్లను ఒక్కొక్కటిగా ఎత్తి పెట్టుకుంది. అవి వెచ్చగా ఉన్నాయి.

గుట్టెక్కి, కాలనీ వాటర్ ట్యాంక్ వెనుక నీడ చూసి, దూదితో మెత్తగా గూడు కట్టింది. చుట్టూ రాళ్లు పేర్చింది.

"ఎంత మంచిగుందో చూడు! ఎంత వరదొచ్చినా నీళ్లు ఈడిదాకా రావు."

తీతువు సగం దూరం వాళ్ల వెంట వచ్చింది. తర్వాత అరుస్తూ కళ్లం వైపే తిరిగి పోయింది. ఇద్దరూ ట్యాంక్ చాటున చాలాసేపు కూర్చున్నారు. పిట్ట రాలేదు. మబ్బులు కమ్ముకొచ్చాయి. చినుకులు పడగానే ఇళ్లకు పరుగెత్తారు.

రాత్రి అన్నాల దగ్గర జెస్సికా ఈ సంగతి చెప్పింది. వాళ్ల నాన్న షాలేమ్‌రాజు పకపకా నవ్వాడు.

"అయితే పిట్టకు కూడా కాలనీ ఇచ్చినవన్నమాట! పట్టా కూడా రాసియ్యకపోయినవా?"

నానమ్మ ఇన్నమ్మ నవ్వలేదు. కంచంలో చెయ్యి ఆగిపోయింది.

"నీళ్లకూ గుడ్లకూ ఎంత ఎడముండె బిడ్డా?"

"పది అడుగులు ఉండొచ్చు నానమ్మా."

"మీ తాత దుక్కి దున్నేటప్పుడు తీతువు గుడ్లు అడ్డమొచ్చేటివి. ఎడ్లను ఆపి, గుడ్లను జానెడు పక్కకు జరిపేటోడు. పిట్ట వచ్చి కూసునేదాక ఆగేటోడు. మళ్ల జానెడు. గట్ల జరిపితేనే అది కూడా వస్తది. అది చోటును గుర్తుపట్టి వస్తది గాని, మెత్తగుందని రాదు."

బయట వాన గట్టిగా పడుతోంది. జెస్సికా కంచం పక్కకు జరిపింది.

"నన్నొక్క మాట అడగకపోతివి," అంది నానమ్మ. ఆ మాట చాలా మెల్లగా అంది.

తెల్లవారగానే జెస్సికా, నానమ్మ ట్యాంక్ దగ్గరికి పోయారు. దూది తడిసి ముద్దయింది. గుడ్లు చల్లగా ఉన్నాయి. నానమ్మ వాటిని తుడిచి కొంగులో కట్టుకుంది. కర్ర ఆనించుకుంటూ గుట్ట దిగింది. పాత గుంట మీదికి అప్పటికే నీళ్లు వచ్చాయి. దానికి జానెడు పైన, పొడి రాళ్లలో గుడ్లను పెట్టింది.

వాళ్లు దూరం జరిగీ జరగకముందే తీతువు వచ్చింది. చుట్టూ నడిచింది. గుడ్ల మీద కూర్చుంది.

"కూసుంది నానమ్మా, కూసుంది!" జెస్సికా చప్పట్లు కొట్టబోయి ఆగింది.

"చూద్దాం," అంది నానమ్మ.

ఆ వారమంతా బడి వదలగానే జెస్సికా నానమ్మతో కళ్లానికి పోయింది. నీళ్లు ఎంత పైకొస్తే అంత మేరకు, జానెడు జానెడు, గుడ్లను జరిపారు. ప్రతిసారీ పిట్ట అరిచింది, తిరిగొచ్చి కూర్చుంది. ఎండకు రెక్కలు సగం విప్పి గుడ్లకు నీడ పట్టింది.

శుక్రవారం నాడు నానమ్మ ఒక గుడ్డును చెవి దగ్గర పెట్టుకుంది. పిల్ల బయటికొచ్చే ముందు లోపల టిక్ టిక్‌మని కొడుతుందట. తర్వాత రెండోది, మూడోది, నాలుగోది పెట్టుకుంది.

"ఏమైంది నానమ్మా?"

"చప్పుడు లేదు బిడ్డా. ఆ రాత్రి చల్లబడ్డయి."

"మరి అది ఇంకా ఎందుకు కూసుంటుంది?"

"దానికి తెల్వదు గదా."

జెస్సికా ఏడ్చింది. "నేను తియ్యకపోతే మునిగిపోయేటివే గదా నానమ్మా?"

"అవ్. మునిగేటివి. నాతో ముందే చెప్పి ఉంటే బతికేటివేమో." నానమ్మ ఆమె తల నిమిరింది. గుడ్లను మళ్లీ అక్కడే పెట్టింది.

ఆదివారానికి కళ్లం మీదుగా నీళ్లు పారాయి. తీతువు, దాని జత పిట్ట రెండు రోజులు నీటి మీద తిరిగాయి. తర్వాత వాటి అరుపు వినపడలేదు. ఎటు పోయాయో నానమ్మకు కూడా తెలియదు.

కొన్నాళ్లకు ప్రభుత్వం తరఫున ఒక సారు ట్యాబ్ పట్టుకొని కాలనీకి వచ్చాడు. ఇంటింటికీ తిరిగి, కొత్త చోట ఎలా ఉన్నారో రాసుకుంటున్నాడు.

"ఇల్లు బాగుందా? నల్లా వస్తుందా? కరెంటు?"

"అవ్ సార్. వస్తుంది సార్," అన్నాడు షాలేమ్‌రాజు.

"ఇబ్బందులేం లేవు కదా?"

"లేవు సార్."

సారు కుర్చీలోంచి లేవబోయాడు.

"సార్, మా నానమ్మను అడగలేదు," అంది జెస్సికా.

షాలేమ్‌రాజు కళ్లెర్రజేశాడు. "ఏయ్, పెద్దోళ్ల మధ్య ఏందది?"

"ఊళ్లె అందరికన్న ఎక్కువ రోజులు ఉన్నది ఆమెనే గద డాడీ. నేను కూడా ఎప్పుడూ అడగలే."

సారు కాస్త ఇబ్బందిపడి మళ్లీ కూర్చున్నాడు.

"చెప్పమ్మా. నీకెట్లుంది ఈడ?"

నానమ్మ పెదాలు కదిలాయి. సారు చేతి గడియారం చూసుకున్నాడు. జెస్సికా వెళ్లి నానమ్మ మోకాలికి ఆనుకొని కూర్చుంది.

"జల్దీ ఏం లేదు నానమ్మా. మెల్లగ చెప్పు. నేను కూడా వింట."

"మా ఊళ్లె..." అని నానమ్మ ఆగింది. "మా ఊళ్లె పొద్దున నిద్ర లేవకముందే నది చప్పుడు ఇనపడేది సారూ. ఇప్పుడు నీళ్లు ఇంత దగ్గరికొచ్చినయ్. చప్పుడే లేదు."

ఆ మాట రాసుకోవడానికి ట్యాబ్‌లో ఎక్కడా గడి లేదు. సారు దాన్ని ఒళ్లో బోర్లా పెట్టాడు.

"ఇంకా చెప్పమ్మా," అన్నాడు.