మూలిగే బావి

చైనాలోని హెబెయ్ పల్లెల్లో చాలా బావులున్నాయి గానీ, రంగుల ఫ్యాక్టరీ వెనక మొక్కజొన్న చేలో ఉన్న పాడుబావి పేరెత్తితే చాలు, మీసాలు మెలేసే మొనగాళ్లు కూడా మాట మార్చేసేవారట. చీకటి పడితే అది మూలుగుతుంది... అందులో దూకి చచ్చిన ఎవరింటి కోడలో దెయ్యమై పిల్లల ప్రాణాలు లాక్కుంటుంది...

ఫ్యాక్టరీ వచ్చాక ఊళ్లో ఇంటింటా మేడలు లేచాయి. ఆ వెనకే పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మంచం పట్టారు. మన సిరి చూసి దెయ్యానికి కన్నుకుట్టిందన్నారు జనం.

యూలాన్ ముసలమ్మ మనవడు డౌడౌ ఆ బావి దగ్గర మిడతలు పట్టి వచ్చాడు. మర్నాటికల్లా వాంతులు, జ్వరం.

"జడుసుకున్నాడే. వీడి ప్రాణం అక్కడే చిక్కుకుపోయింది. వెళ్లి పిలుచుకొస్తా," అంది ముసలమ్మ.

"ఈ చీకట్లోనా అత్తయ్యా? నేనూ రానా?" అంది కోడలు షియావ్‌చిన్.

"నువ్వొస్తే ఇక్కడ పలికేదెవరు? నా కేక వినబడ్డప్పుడల్లా 'వచ్చేశాడు' అని, మన బోరింగు నీళ్లు గుక్కెడు పట్టించు. నీళ్ల వెంటే ప్రాణం లోపలికి దిగుతుంది."

పిల్లాడి చొక్కా పట్టుకుని ముసలమ్మ చేలో దిగింది. ఆకులు గలగలమన్నప్పుడల్లా చొక్కాని గుండెలకి హత్తుకుంది.

"డౌడౌ... ఇంటికి రా నాన్నా!"

దూరంగా కోడలి గొంతు — "వచ్చేశాడు!"

బావి మూలిగింది.

ముసలమ్మ మోకాళ్ల మీద కూలబడింది. "వాణ్ణొదిలెయ్ తల్లీ... కావాలంటే నన్ను తీసుకుపో..."

నేలకానిన చేతికి ఏదో తగిలింది — లావుగా, వెచ్చగా, దడదడా అదురుతూ. పామనుకుని కెవ్వుమంది.

"వచ్చేశాడు!" అంది దూరపు గొంతు.

టార్చి వెలిగింది. ఫ్యాక్టరీ కాపలాదారు, 'మా' అనేవాడు.

"ఎవరూ రాకుండా దెయ్యం కథ పుట్టించింది నేనే వదినా, నువ్వెందుకొచ్చావు?" అన్నాడు గుసగుసగా.

ఆ వెలుగులో కనబడింది. అది పాము కాదు, రబ్బరు గొట్టం. ఊదారంగు మురికి బావిలోకి బుసబుసా దిగుతోంది. మూలిగేది మోటారు.

"ఏట్లో వదిలితే తనిఖీవాళ్లకి కనబడుతుంది. భూమిలోకి పంపితే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు కాపలాదారు.

భూమిలోకి... తమ బోరింగు ఈ చేను పక్కనే.

"షియావ్‌చిన్! పట్టకే! ఆ నీళ్లు పట్టకే!" గొంతు చించుకుంది ముసలమ్మ.

"వచ్చేశాడు!" — ఈసారి గొంతులో సంబరం.

ముసలమ్మకు అప్పుడు తట్టింది. తన కేక ఒక్కొక్కటీ ఒక్కో గుక్క. పిల్లాడి చొక్కా నోట్లో కుక్కుకుని, చప్పుడు చెయ్యకుండా, పడుతూ లేస్తూ పరుగెత్తింది.

గుమ్మంలోనే కోడలు ఎదురొచ్చింది, చేతిలో ఖాళీ గిన్నెతో. "మీ కేక ఆగిపోయేసరికి భయమేసింది అత్తయ్యా. ఎందుకైనా మంచిదని గిన్నెడూ పట్టించేశా."

మంచం మీద డౌడౌ కళ్లు తెరిచాడు.

"నానమ్మా... దాహం. ఇంకొన్ని నీళ్లియ్యవూ?"