ఆపరేషన్ గుండ్లకమ్మ

"విదేశంలో, టాలిన్ సిటీలో ఒకడు పోయాడు," అన్నాడు చీఫ్ వరప్రసాదం. "లిఫ్ట్‌లో. మెడ విరిచేశారు."

మార్కాపురం పలకల యార్డు. రాయి కోసే మిషన్ల రొదలో పక్క మనిషి మాటే సరిగా వినపడదు, ఇక దొంగ మైకుకు ఏం వినపడుతుంది? చీఫ్ ఒడిశా పలకల వ్యాపారి వేషంలో ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా ఏజెంట్ అనీస్. ఖాకీ చొక్కా, భుజాన తడి గుడ్డ, వెనకాల వాటర్ క్యాన్ల ఆటో. అనీస్ పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే కాబట్టి ఆ వేషం అతికినట్టు సరిపోయింది.

"ఎవురు సార్ వాడు?"

"ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి లోకానికి ఊరికే ఇచ్చిన మనిషి. ఆర్కిడ్ అనే ముఠా వాడి వెంటపడింది. దొంగ ఐడీలతో రోజూ తిట్లు. 'అప్‌డేట్ ఏది? బతికే ఉన్నావా? చేతకాకపోతే తప్పుకో' అని. వాడు అలసిపోయాడు. అప్పుడొక తియ్యటి మెయిల్ వచ్చింది, 'నేను సాయం చేయనా?' అని. నమ్మి ప్రోగ్రామ్ తాళాలు చేతికిచ్చాడు. ఆ మర్నాడే లిఫ్ట్‌లో శవం."

అనీస్ పక్కకు తిరిగి ఉమ్మేశాడు. చనిపోయిన మనిషి మీద కాదు, ఆ కథ మీద. ఇట్లాంటి కథలు అతను చాలా చూశాడు. ఒకడు నిద్ర మానుకుని కోడ్ రాసి ఊరికే పెడతాడు. పెద్ద కంపెనీ దాన్ని ఎత్తుకుపోయి, రంగు పూసి, 'మా ఇన్నోవేషన్' అని స్టేజీ మీద చప్పట్లు కొట్టించుకుంటుంది. రాసినవాడికి ఒక థాంక్స్ ఉండదు, తప్పు దొరికితే మాత్రం వార్నింగ్ మెయిల్ వస్తుంది. టెక్ న్యూస్ అని చెప్పుకునే చానెళ్లు ఇవేవీ మాట్లాడవు. అక్కడ సాయంత్రం పూట ఒకడు ఫోన్ డబ్బా మీది ప్లాస్టిక్ తీస్తూ పరవశించిపోతుంటాడు, అదీ వార్తే.

"ఇప్పుడు ఆర్కిడ్ కన్ను గిద్దలూరు మీద పడింది," అన్నాడు చీఫ్. "కరుణాకరం. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి మానేశాడు. 'గుండ్లకమ్మ' అని ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ రాశాడు. దేశంలో కరెంటు సబ్‌స్టేషన్లన్నీ దాంతోనే టైమ్ కలుపుకుంటాయి."

"తెలుసు. నా పాత లాప్‌టాప్‌లో గూడా ఉంది. దేశమంతా ఒక్క మనిషి మీద ఆనుకుని ఉంటే, ఆ మనిషి తిన్నాడా పడుకున్నాడా అని అడిగే దిక్కు లేదు గదా సార్?"

"ఉపన్యాసం వద్దు. ఇవాళ మధ్యాహ్నం కొత్త రిలీజ్. అందులో ఆర్కిడ్ కోడ్ రూపంలో విషం కలిపింది. అది బయటికి పోతే, వాళ్లు బటన్ నొక్కినప్పుడు దేశం చీకటి."

"మరి ఆయనకు చెప్పేస్తే పోలా?"

"చెప్తే ముఠా జారుకుంటుంది. లోపల మన మనిషి ఉంది. యామిని. ఆర్కిడ్ ఆమెను తమ మనిషే అనుకుంటోంది. రెండేళ్లుగా కరుణాకరానికి అసిస్టెంట్‌గా నటిస్తోంది. చివరి క్షణంలో విషం తీసేసి శుభ్రమైన రిలీజ్ పంపుతుంది. నువ్వు కాపలా ఉంటే చాలు. ఆమె సొంతూరు వెలిగండ్ల. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ యాప్ గ్రీన్ టిక్ ఇచ్చింది."

"యాప్ ఇచ్చిందా? ఊరికి పోయి ఎవురూ అడగలా?"

"ఊరికి పోవడాలేంటి, ఈ కాలంలో?" అంటూ చీఫ్ ఒక పెట్టె తెరిచాడు. స్మార్ట్ వాచ్, చెవిలో పెట్టుకునే మైకు, వేలిముద్ర పెడితే తప్ప పేలని పిస్టల్. "అన్నీ క్లౌడ్‌కు కనెక్ట్ అయి ఉంటాయి."

"అదే నా భయం," అన్నాడు అనీస్.

*

గిద్దలూరు శివారు. చిన్న డాబా, వెనకాల పెరడు. పెరట్లో బోరు, సిమెంటు తొట్టి, దాని పక్కన బర్రె. అనీస్ క్యాన్ భుజాన వేసుకుని గేటు తీశాడు.

"అక్కా, నీళ్లు!"

కరుణాకరం భార్య భాగ్యమ్మ కొంగు దోపుకుంటూ వచ్చింది. "ఏంది, పాతాయన రాలేదే?"

"జరమంట. నన్ను పంపినాడు."

"ఆ నాలుగూ వసారాలో పెట్టు తమ్ముడూ. వంటకీ తాగేదానికీ అయ్యే గదా." ఆమె తొట్టి వైపు చూసి నిట్టూర్చింది. "బర్రెకు చుక్క లేదు. మోటర్ ఏద్దామంటే మా ఆయన ఒప్పుకోడు. మోటర్ ఏస్తే వోల్టేజీ పడిపోయి ఆయన కంప్యూటర్ ఆగిపోతాదంట. ఇన్వర్టర్ చచ్చి యాడాదైంది, దాన్ని బాగు చేపించే తీరిక లేదు. ఊరి కరెంటంతా ఈయనే నడుపుతాడంట! ఇంట్లో బర్రె మాత్రం ఎండిపోవాల."

లోపల, ముక్కుమీదికి కళ్లద్దాలు జారిన బక్క మనిషి పాత డెస్క్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. కరుణాకరం. పక్కన యామిని. ఆకుపచ్చ పట్టు చీర, సన్నటి నవ్వు, ముత్యాల్లాంటి పళ్లు.

"ఎంత తెల్లటి పళ్లో ఆ పిల్లవి," అంది భాగ్యమ్మ మెచ్చుకోలుగా. "వెలిగండ్ల పిల్లంటే నమ్మేటట్టే లేదు."

అనీస్ గుమ్మం దగ్గర ఆగి కోడ్ చెప్పాడు. "పలకల లోడు ఎప్పుడు పోతాదో?"

"వాన వెలిసినాక," అంది యామిని తలెత్తకుండానే. రైట్ కోడ్.

కరుణాకరం మొలతాడుకు కట్టుకున్న చిన్న యూఎస్‌బీ తాళాన్ని విప్పి కంప్యూటర్‌కు పెట్టాడు. రిలీజ్ మీద ఆయన సంతకం పడాలంటే అదొక్కటే దారి. పెద్ద కంపెనీలు సెక్యూరిటీ కోసం అద్దాల మేడలు కట్టుకున్నాయి. ఆ మేడలన్నిటి భద్రత గిద్దలూరులో ఒక నడుముకు వేలాడుతోందని వాళ్లలో ఒక్కడికీ తెలియదు.

"ఇదే నా ఆఖరి రిలీజ్ అమ్మా," అన్నాడు కరుణాకరం. "తిట్లు పడలేక చస్తున్నా. ఇంక నువ్వే చూసుకో. ఇన్నేండ్లలో 'అన్నం తిన్నారా సార్' అని మెయిల్ రాసింది నువ్వొక్కదానివే."

"మీ పేరు నిలబెడతాను సార్," అంది యామిని.

అనీస్ మిగతా క్యాన్ల కోసం బయటికి వచ్చాడు. మూడో క్యాన్ దించుతుంటే యామిని పెరట్లోకి నడిచింది. నుదుటి మీద చెమట. వసారాలో ఆమె మోచేతికి తగిలేంత దగ్గర్లో నిండు క్యాన్, మీద బోర్లించిన గ్లాసు. ఆమె ఆ గ్లాసు తీసుకుంది. తొట్టి పక్కనున్న బోరు కొళాయి తిప్పింది. పైపులో మిగిలిన నీళ్లు సన్నగా కారాయి. గ్లాసు నింపుకుని గటగటా తాగింది. మూతి తుడుచుకుని లోపలికి పోయి తలుపు గడియ పెట్టింది.

అనీస్ చేతిలో క్యాన్ అట్లాగే ఉండిపోయింది.

బోరు నీళ్లు.

వెలిగండ్ల వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్. తాగినవాళ్ల పళ్లు పచ్చబడతాయి, వయసు మళ్లకముందే మోకాళ్లు బిగుసుకుపోతాయి. ఆ పక్క పుట్టిన పిల్లకు అమ్మ నడక నేర్పే రోజుల్లోనే కొళాయికి నోరు పెట్టొద్దని నేర్పుతుంది. దాహంతో నాలుక పిడచగట్టినా సరే, పక్కన నిండు క్యాన్ పెట్టుకుని బోరు నీళ్లు తాగే మనిషి ఈ చుట్టుపక్కల మండలాల్లో పుట్టలేదు.

ఈమె వెలిగండ్ల చూడనే లేదు. ఆర్కిడ్ దగ్గర వాళ్ల మనిషిగా నటించలేదు, మన దగ్గరే మన మనిషిగా నటించింది. విషం తీసేది లేదు. ఆ విషంతోనే రిలీజ్ బయటికి పోతుంది. పని అయిపోయాక కరుణాకరానికీ ఒక లిఫ్ట్ దొరుకుతుంది.

అనీస్ వాచ్ నొక్కాడు. "చీఫ్! యామిని శత్రువు!"

వాచ్ మీద చక్రం తిరిగింది. *అప్‌డేట్ అవుతోంది. దయచేసి ఆఫ్ చేయవద్దు.*

చెవిలో మైకు మర్యాదగా పలికింది. "మీ సబ్‌స్క్రిప్షన్ ముగిసినది."

పిస్టల్ తీశాడు. చెమట పట్టిన వేలిని అది గుర్తుపట్టలేదు. ఎర్ర లైటు. మళ్లీ ఎర్ర లైటు.

"థూ, మీ బతుకులు చెడ," అన్నాడు అనీస్ మూడింటికీ కలిపి.

కిటికీ ఊచల్లోంచి స్క్రీన్ కనిపిస్తోంది. అప్‌లోడ్ గీత చివరికి వచ్చేసింది. అరుద్దామంటే, యామిని చేయి హ్యాండ్‌బ్యాగులోకి పోయి ఉంది, కరుణాకరం వీపు ఆమె వైపే ఉంది. అరిస్తే ముందు ఆయన పోతాడు.

అనీస్ వెనక్కి తిరిగాడు. గొంతు తగ్గించి అన్నాడు. "అక్కా, మోటర్ ఎయ్."

"యామ్మో! ఆయన తిడతాడు!"

"ఆ తిట్లు నేను పడతా! ఎయ్ అక్కా, నీ బర్రె మీద ఒట్టు!"

భాగ్యమ్మ ఇంకేం ఆలోచించలేదు. ఎన్నాళ్ల కసో, స్విచ్ మీద ఒక్క గుద్దు గుద్దింది. బోరు గుర్రుమంది. ఇంట్లో లైట్లు దీపం వత్తుల్లా ఎర్రబడ్డాయి. చివరి ముక్క ఎక్కబోతున్న అప్‌లోడ్ గీతను మింగేస్తూ స్క్రీన్ నల్లబడింది.

లోపల కేక. "ఎవురే మోటర్ ఏసింది!" గడియ ఊడింది. కరుణాకరం కోపంతో ఊగిపోతూ గుమ్మంలోకి వచ్చాడు.

"అన్నా," అన్నాడు అనీస్, "ఆయమ్మ బోరు నీళ్లు తాగింది."

కరుణాకరం కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. వసారాలో నిండు క్యాన్ చూశాడు. కొళాయి కింద తడి గ్లాసు చూశాడు. వెనక్కి తిరిగి యామిని పళ్లు చూశాడు. లోపలికి ఉరికి, కంప్యూటర్ నుంచి తాళం పీకి గుప్పిట్లో బిగించాడు.

యామిని చేతిలో లిప్‌స్టిక్ సైజు పిస్టల్ మెరిసింది. "తాళం ఇటివ్వండి సార్." గొంతులో మర్యాద అట్లాగే ఉంది.

అనీస్ వసారాలోని నిండు క్యాన్‌ను పడదోసి లోపలికి తన్నాడు. అది దొర్లుకుంటూ పోయి ఆమె కాళ్లకు తగిలింది. గుండు కిటికీ చెక్కలో దిగింది, యామిని నేల మీద పడింది. లేచేలోపే భాగ్యమ్మ ఆమె వీపు మీద కూర్చుని బర్రె పలుపుతాడు అందుకుంది.

"వెలిగండ్లంట, వెలిగండ్ల! మా పక్క ఆడపిల్లయితే ఇంటికొచ్చి తాగే నీళ్లు ఏయో అడగదంటనే?"

*

సాయంత్రానికి టీవీలో బ్రేకింగ్ న్యూస్ వచ్చింది. ఒక పెద్ద కంపెనీ ప్రతినిధి సూటు సవరించుకుంటూ, తమ కృత్రిమ మేధ భద్రతా వ్యవస్థ అంతర్జాతీయ కుట్రను భగ్నం చేసిందని చెప్పాడు. యాంకర్ పొంగిపోయి, ఆ వ్యవస్థ ఉన్న కొత్త ఫోన్ డబ్బా తెరిచాడు.

కరుణాకరానికి ఒక్క మెయిల్ వచ్చింది. రిలీజ్ ఆలస్యమైనందుకు సంజాయిషీ అడుగుతూ.

"ఇంత నమ్మినా గదయ్యా దాన్ని," అన్నాడు ఆయన వసారా మెట్టు మీద కూర్చుని. మొలతాడుకు తాళం మళ్లీ కట్టుకుంటున్నాడు గానీ ముడి పడటంలేదు. "అన్నం తిన్నావా అని అడిగిన ఒక్క మనిషీ దొంగే అయ్యె."

అనీస్ వంగి ముడి వేశాడు. "తిన్నావా అన్నా?"

"నువ్వు గూడా వేషమే గదా?"

"వేషం దొంగదే. క్యాన్ మాత్రం నిజం. రేపు గూడా తెస్తా, అప్పుడు గూడా అడుగుతా."

కరుణాకరం లేచి కంప్యూటర్ ఆన్ చేశాడు. యామిని రెండేళ్లలో రాసిన ప్రతి కోడ్ లైనూ పీకేయడానికి కూర్చున్నాడు.

అప్పుడు అనీస్ చేతికున్న వాచ్ టింగుమంది. *అప్‌డేట్ పూర్తయినది. మీ అనుభవానికి ఎన్ని స్టార్లు ఇస్తారు?*

అనీస్ ఒక స్టార్ నొక్కాడు. *రేటింగ్ నమోదుకు లాగిన్ అవ్వండి.*

వాచ్ ఊడబీకి తొట్టి మీదికి చేయి ఎత్తాడు.

"తమ్ముడూ!" అని అరిచింది భాగ్యమ్మ. "దాన్ని ఆ తొట్లో ఎయ్యమాక. బర్రె తాగుతాది!"