ఎనభై రెండో నంబరు కార్డు

నిఘా విభాగంలో పైఅధికారి బ్రోస్నన్ ఫోనులో చెప్పింది ఒక్క ముక్కే. "పాలు విరిగాయి, ఫిన్టన్. నాలుగింటికే."

అంటే గుట్టు బయటపడబోతోందని. ఒక పరాయి దేశపు ముఠాను వదిలి పారిపోయి వచ్చినవాడు ఎక్కడ దాక్కున్నదీ తెలిపే చిరునామాను నాలుగింటికి డబ్లిన్ పోలీసులు షానన్ మీదుగా పంపుతారు. పంపేవాళ్లలో ముఠా మనిషి ఎవరో తెలియదు కనక ఆపమని చెప్పే దారి లేదు. దాన్ని మధ్యలో కాజేసే ఏర్పాటు మాత్రం షానన్‌లో ఫిన్టన్ కూర్చున్న నెట్‌వర్క్ కంపెనీలోనే ఉంది. ఇంకా ఇరవై నిమిషాలుంది.

ఎనిమిది నెలలుగా అతనక్కడ, ఆ ఏర్పాటును పట్టుకోవడానికి, డోనల్ అనే మారుపేరుతో ఇంజనీరు. ఊరు కార్క్ అనీ, పెళ్లి కాలేదనీ చెప్పుకున్నాడు. రెండోది అబద్ధం కాదు. అసలు పుట్టినరోజున ఎవరూ పలకరించలేదు. దొంగ కాగితాల్లో తేదీ వేరు. మధ్యాహ్నం సూప్ తాగేటప్పుడు ఎదురుగా కూర్చునేది గ్రానియా ఒక్కతే. ఆమె నడిచొస్తే ఆఫీసులో కీబోర్డులు ఆగిపోయేవి.

సర్వర్ తెరిచాడు. కార్డులన్నీ తగిలించే బస్ అనే లోపలి లైను మీద ఎనిమిది నెట్‌వర్క్ కార్డులున్నాయి, సిస్టమ్ జాబితాలో ఆరే. డేటా ప్యాకెట్లు వేగంగా పోవాలంటే కార్డును, దాన్ని నడిపే మామూలు డ్రైవర్ సాఫ్ట్‌వేర్ నుంచి విడిపించి నేరుగా ప్రోగ్రాముకు అప్పగిస్తారు. ఆ తర్వాత దాంట్లో ఏం పోతోందో సిస్టమ్‌కు తెలియదు. అలా విడిపించిన రెండిట్లో ఒకటి కంపెనీది. అంబులెన్సు కాల్స్ దాని మీదే నడుస్తాయి. ఇంకోటి, సందేశాలు కాజేయడానికి ముఠా పెట్టించిన దొంగ కార్డు. పొరపాటున మొదటిదాన్ని ఆపితే ఎక్కడో ఒక ప్రాణం పోతుంది.

కార్డులకు బస్ ఇచ్చిన నంబర్లలో ఎనభై రెండు అంబులెన్సులదని రికార్డులో ఉంది.

"రికార్డు తప్పు," అంది వెనక నుంచి గ్రానియా. "రాసింది నేనే. దొంగది ఎనభై రెండే, డోనల్. పెట్టిందీ నేనే."

మరి తనకెందుకు చెబుతున్నావని అడిగాడు.

"వాళ్లు వెతికేది మా అన్నను. ఇవాళ పొద్దునే తెలిసింది."

మూడూ యాభై ఏడు. నమ్మాలా? తను మాత్రం ఆమెకు ఏనాడు నిజం చెప్పాడు గనక. బస్ సెట్టింగుల్లోకి వెళ్లాడు. కార్డు పరాయి మెమరీలో వేలు పెట్టకుండా అడ్డుకునే డ్రైవరే కంపెనీ వాడుతుంది. ఎనభై రెండుకున్నది ఆ అడ్డు లేని పాత డ్రైవర్. అంటే ఆమె చెప్పింది నిజమే.

యాభై తొమ్మిదికి ఆ కార్డును పాత డ్రైవర్ నుంచి ఊడబీకి, మామూలు డ్రైవర్‌కు అప్పగించాడు. జాబితాలో ఏడో పేరు మెరిసింది. అంబులెన్సు కాల్స్ నడుస్తూనే ఉన్నాయి. నాలుగైంది. చిరునామా ఎవరికీ చిక్కకుండా దాటిపోయింది.

"నీ అసలు పేరేంటి?" అంది గ్రానియా, కిటికీలోంచి బ్రోస్నన్ మనుషుల కారును చూస్తూ.

చెప్పాడు.

ఒకసారి పలికి చూసుకుంది. "నీకు నప్పలేదయ్యా," అని నవ్వి, లొంగిపోవడానికి వాళ్లకు ఎదురెళ్లింది.

మర్నాడు సూప్ ఒక్కడే తాగాడు. వారం తిరిగేసరికి, అనుమతి లేకుండా డ్రైవర్ మార్చినందుకు కంపెనీ మెమో ఇచ్చింది. అందులో డోనల్ అన్న పేరు తప్పు రాశారు. దిద్దమని అతను అడగలేదు.