తలకిందులైన అక్షరం

ధర్మవరం స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఒక్కసారే దగ్గింది. గూఢచారి శాఖ మనిషి చెన్నప్ప కూలిపోయాడు. అతని మేజోడులో దొరికిన గేట్‌పాస్‌ను మర్నాడు అనంతపురం గెస్ట్‌హౌస్‌లో బల్ల మీద పెట్టాడు చీఫ్ రామదాసు. అది 1978 మే నెల.

"ముదిగుబ్బ అవతల రాకెట్ ఇంజన్ టెస్ట్ పదకొండుకి. అక్కడి వైర్‌లెస్ పొద్దున్నుంచి పనిచేయడం లేదు. ఈ దొంగపాస్‌కు జోడీ శత్రువుల చేతిలో ఉంది. తనిఖీకి ఏజెంట్ మోహినిని గేటు దగ్గరికి పంపాను. ఇది ఎక్కడ తయారైందో నువ్వు తేల్చు."

ఏజెంట్ శ్రీరంగప్ప వాచీ చూసుకున్నాడు. ఎనిమిదిన్నర. అక్కడుండే నలభై మందిలో తమ్ముడు ఓబుళేసు ఒకడు. కూర్చోబుద్ధి కాలేదు. నిలబడే భూతద్దం తీశాడు.

డిపార్ట్‌మెంట్‌లో చేరకముందు అతను రాయదుర్గంలో పదేళ్లు ప్రెస్‌లో అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్. ఈ ఇంగ్లీషు టైపు అతనికి పాత చుట్టం. పూర్వపు కలం రాతను చూసి పోతపోసిన అక్షరాలవి. కలం నొక్కినచోట లావు, తేల్చినచోట సన్నం, తలల దగ్గర కలం ఆన్చినట్టు ఏటవాలు ముక్కులు. బైబిళ్లకూ సర్కారు పత్రాలకూ పెద్దరికం తెచ్చేది ఆ వాలే. కానీ మూడో లైన్లో ఒక 'యు' ముక్కు లేకుండా, నెత్తిన చదునైన పాదాలు పెట్టుకుని నిలబడింది.

"ఇది యు కాదు సార్, తిరగేసిన ఎన్. అక్షరాలు చాలని చిన్న ప్రెస్ పని. ఈ టైపు ఊళ్లో ఒక్కచోటే ఉంది."

పావుగంటలోనే యేసన్న ప్రెస్‌కు పెళ్లికార్డు కావాలన్న పెద్దమనిషి వేషంలో వెళ్లి, మాటల్లో పెట్టి పాస్ చూపించాడు.

"నేనే కొట్టినానప్పా, రెండు. సినిమా షూటింగ్‌కని ఒకమ్మ వచ్చినాది. యు అక్షరాలు అరిగిపోయినాయి, ఎన్ తిప్పి పెట్టినా. ఈడ అందరమూ అట్లే చేస్తాం. యెవరు చూస్తారు?"

"ఆమె ఎట్లుంటాది?"

"యాక్టరు మాదిరి. ఎడమచేత్తో ప్రూఫ్ దిద్దినాది. మెడమీద కాలిన మచ్చ ఉండాది."

శ్రీరంగప్ప పాస్ లాక్కుని బయటికి పరుగెత్తాడు. మోహిని. ఆమెకు పిస్టల్ పట్టడం నేర్పింది తనే.

జీపు ఎండిన వేరుశనగ చేల మధ్య దుమ్ము లేపుకుంటూ పరుగెత్తింది. బత్తలపల్లి దగ్గర గొర్రెల మంద అడ్డం. హారన్ కొట్టేకొద్దీ అవి ఇంకా దగ్గరగా చేరాయి. అతను స్టీరింగ్ గుద్దాడు, తిట్టాడు, మళ్లీ వాచీ చూశాడు.

పది యాభై ఆరు. గేటు దగ్గర మెడలో కెమెరాతో ఒక విదేశీ ఫొటోగ్రాఫర్. "పాస్ కరెక్టే, పంపించు," అంటోంది మోహిని సెంట్రీ బాలప్పతో.

"శింగనమల చెరువు నిండింది," అని అరిచాడు శ్రీరంగప్ప. ప్రమాదానికి అది కోడ్‌వర్డ్. కరువు జిల్లాలో ఎవరూ పొరపాటున కూడా అనని మాట. బాలప్ప గేటు దించేశాడు.

మోహిని నవ్వింది. "పాస్ సరిగ్గానే ఉందిగా."

"ప్రూఫ్ దిద్దింది నువ్వేగా. మూడో లైన్ చూడు."

ఆమె కళ్లు ఒక్క క్షణం కాగితం మీదికి దిగాయి. ఆ క్షణంలోనే అతను మీదికి దూకాడు. ఆమె లిప్‌స్టిక్ ట్యూబ్‌లోంచి వెలువడిన తూటా అతని చెవి పక్కనుంచి పోయింది. బాలప్ప తుపాకీ మడమతో ఆమె చేతిని కొట్టాడు. విదేశీయుడు కెమెరా మీట నొక్కి, గేటు లోపలికి విసిరేసి పారిపోబోయి కాపలావాళ్లకు చిక్కాడు. కెమెరా టిక్కుటిక్కుమంటోంది. శ్రీరంగప్ప గేటు కింద దూరి, పట్టీ అందుకుని, పరుగున పోయి పక్కనున్న ఎండిన వంకలోకి గిరాటేశాడు. పేలుడుకు ఇసుక వానలా కురిసింది.

షెడ్డులోంచి గ్రీజు చేతులు తుడుచుకుంటూ ఓబుళేసు వచ్చాడు. "ఏమన్నా, నువ్వీడ యేం చేస్తాండావు?"

శ్రీరంగప్ప గబగబా ఎదురెళ్లాడు. తమ్ముడి భుజం గట్టిగా పట్టుకున్నాడు. కళ్లు తడిశాయి.

సాయంత్రం చీఫ్ అడిగాడు. "పాపం, ఏమీ తెలియక చేశాడు యేసన్న. మద్రాసు నుంచి కొత్త 'యు' అక్షరాలు తెప్పించి పెడదామా?"

"వద్దు సార్," అన్నాడు శ్రీరంగప్ప. "ఆ కొరత అట్లే ఉండనివ్వండి."