రాజవ్వ మూల

పెద్దపల్లి నుంచి మానేరు దిక్కు పోయే తొవ్వల ఒక పొలం ఉన్నది. ఊరు పేరు చెప్ప, ఆళ్లు నా గిరాకీలు. ఆ పొలంల కాలువ పక్కకున్న మూలను రాజవ్వ మూల అంటరు. పొద్దు వాలిందంటే కూలోళ్లు ఆ మూలకు పోరు. బతిమిలాడినా పోరు.

అక్కడ ఒకప్పుడు బాయి ఉండె. ఇరవై ఆరేండ్ల కింద, ముసురు పట్టిన దినాలల్ల, నీళ్లు చేదుకుందామని ఆ పొలమోళ్ల పెద్దబిడ్డ రాజవ్వ పోయింది. ఆమె నిలవడ్డ ఒడ్డు నిలవడ్డట్టే కూలింది. మట్టి, రాళ్లు... ఎంత తోడినా పిల్ల దొరకలే. ఆఖరికి అట్లనే పూడ్చిండ్రు. ఇప్పుడు దాని మీద వరి పెరుగుతున్నది.

సాయంత్రం పూట ఆ వరిల ఎవలో లేచి నిలవడ్తరట... దగ్గరికి పోతే ఎవ్వలు ఉండరట. ఊరోళ్ల మాట ఇది. నేను నమ్మకపోతుంటి. నా పేరు నదీమ్. మందు కొట్టే పంపులు, డ్రోన్లు బాగుచేస్త. ఏ దెయ్యం సంగతి విన్నా, ఎక్కడో ఒక వైరు లూజైంది పో, అనేటోణ్ణి. గా తెలివితోనే తప్పు చేసిన.

ఈ సంగతి నాకు చెప్పింది అలేఖ్య. మహిళా సంఘం తరఫున ట్రైనింగు తీసుకున్నది, సర్టిఫికెట్ తెచ్చుకున్నది, డ్రోన్‌తోని పొలాలకు మందు కొడ్తది. రూల్సన్నీ ఆమె నోటికే. పొద్దు గూకినంక లేపొద్దు. కండ్లకు కనవడే దూరం దాటనియ్యొద్దు. మనిషి ఉన్నకాడ మందు పడొద్దు.

"అనుమానం వచ్చినా ఆపాల్నన్నా" అని నాకే పాఠం చెప్పేది. నేను నవ్వేటోణ్ణి. "నువ్వు డ్రోన్ నడుపుతున్నవా, బడి నడుపుతున్నవా?" అనేటోణ్ణి.

పోయిన వానకాలం పంట ఆఖర్ల ఆమెను మొండయ్య పిలిచిండు. ఆ పొలం ఆయనదే. రాజవ్వ చెల్లె బాలలక్ష్మిని చేసుకొని ఇల్లరికం వచ్చిండు. వరికి దోమ పట్టింది, మొదలు కాడ రసం పీల్చే పురుగు. ఒక్క మూల వదిలిపెట్టినా, దోమ ఆడికెల్లి మళ్ల పొలమంతా పాకుతది.

"కూలోళ్లకంటే భయం... మిషన్‌కేం భయం బిడ్డా?" అన్నడట మొండయ్య.

డ్రోన్ ముందట రాడార్ ఉంటది. చెట్టో మనిషో అడ్డం వస్తే అది చూస్తది, మిషన్ దానంతట అదే ఆగుతది. మేం దాన్ని కన్ను అంటం.

మొదటి దినం పొలమంతా మంచిగనే తిరిగింది. ఆఖరికి రాజవ్వ మూలకు వచ్చింది —

ఆగింది.

గాలిల అట్లనే నిలవడ్డది. రిమోటు తెర మీద ఎర్రగీత. ముందట ఏదో అడ్డం ఉన్నదని. అలేఖ్య చెయ్యి కండ్లకు అడ్డం పెట్టుకొని చూసింది. నడుమెత్తు వరి... పడమట ఎండ... ఏం కనవడలే. మిషన్ దింపి, మొండయ్యను తీసుకొని ఒడ్డెంట నడిచింది. మూలకు పోయి చూస్తే వరి కొంచెం ఒరిగున్నది. ఎవ్వలు లేరు.

నాలుగొద్దులకు మళ్ల పోయింది. మళ్ల అక్కడ్నే ఆగింది. ఈసారి ఎర్రగీత ఒక్కక్షణం ఉండి పోయింది. మళ్ల వచ్చింది. ఎవలో కూసొని లేచినట్టు...

మొండయ్య ఇంటిదారి పట్టిండట.

ఊళ్లె మాట ఆగుతదా? అలేఖ్య మిషన్‌కు రాజవ్వ పట్టిందన్నరు. పిలిచిన రైతులు ఒద్దన్నరు. సంఘపోళ్లు కూసోబెట్టి చెప్పిండ్రు: ఇంకోపాలి పని సగంల వదిలిపెట్టి వస్తే, డ్రోన్ వేరే ఊరామెకు ఇస్తమని. డ్రోన్ పోతే అలేఖ్య మళ్ల నాట్లకు, కలుపుకు పోవాల్సిందే. అంత చదివి, అంత నేర్చి... ఆ ఫికర్‌తోని నా దుకాణానికి వచ్చింది.

"కన్ను ఖరాబైనట్టున్నది, జర చూడన్నా."

చూసిన. కన్ను కడిగిన ముత్యమసొంటిది. బకీటు అడ్డం పెడితే చూసింది, నేను అడ్డం పోతే చూసింది. తప్పు దొరకలే. తప్పు దొరకకుంటే నాకు కోపమొస్తది, అది నా రోగం.

"కన్ను బంద్ చేసి కొట్టు" అన్న. ఎక్కడ నొక్కితే బందైతదో చూపెట్టిన.

 అలేఖ్య మెల్లగ అడిగింది.

"మనిషుంటే అన్నా?"

"దెయ్యమున్న జాగల మనిషెందుకుంటడు?" అన్న నేను. ఆ మాట యాదికొస్తే ఇప్పటికీ నాకు సిగ్గైతది.

మూడోపాలి ఆమె పోయేసరికి ఆలస్యమైంది. పొద్దు గూకెటందుకు పావుగంట లేదు. మొండయ్య అవుతలి ఒడ్డు మీద, మోటరు కాడ ఉన్నడు. అలేఖ్య కన్ను బంద్ చేసింది.  మిషన్ లేచింది... మూల దిక్కు పోయింది... ఈసారి ఎర్రగీత లేదు. తెర ఖాళీగున్నది.

పది గజాలు. ఐదు గజాలు.

ఆగింది.

మందు బందైంది. రెక్కల గాలికి వరి రెండు దిక్కులకు పండుకున్నది... ఆ నడుమల ఒక ఆడమనిషి నిలవడున్నది. కొంగు నెత్తి మీదికెల్లి ఎగిరిపోతున్నది. పూడ్చిన బాయి కాడ నేల ఎత్తుంటది, అందుకే ఆమె మొఖం మిషన్ ఎత్తుకు వచ్చింది. రెక్కలకూ ఆమె మొఖానికీ నడుమ జానెడు జాగ.

అలేఖ్య మిషన్‌ను మెల్లగ యెనుకకు గుంజి దింపింది. ఉరికింది. దగ్గరికి పోయి మొఖం చూసింది.

బాలలక్ష్మి. మొండయ్య పెండ్లాం.

"అత్తా... నువ్వేంది ఈడ?"

బాలలక్ష్మి కొంగు నెత్తి మీదికి గుంజుకున్నది. "అక్క మీద మందు పడొద్దు బిడ్డా" అన్నది. "కూలోళ్లున్నప్పుడు ఫికర్ లేకుండె. ఆళ్లు భయపడి ఈడికి రాకపోదురు. నీ మిషన్‌కు భయం లేదాయె. మీ మామకు చెప్తే, ఒక్క మూల కోసం పంటంతా పోగొట్టుకుంటమా అన్నడు."

డ్రోన్ వచ్చినప్పుడల్లా ఆమె వరిలకెల్లి లేచి అడ్డం నిలవడేది. అది ఆగంగనే వంగి కాలువలకు దిగి, చాటుకు పోయేది. మా కన్నుకు ఏ రోగం లేదు. మనిషిని చూసింది, మనిషని చెప్పింది. దాన్ని దెయ్యం చేసింది మేము.

మొండయ్య వచ్చి చూసి కూలవడ్డడు. ఆయన ఏడ్వంగ ఊళ్లె ఎవ్వలు చూడలేదట. ఆ మూల వరి కోసేసి, అంతమేర ఏం ఏయకుండ పడావు పెట్టిండు.

తెల్లారి అలేఖ్య డ్రోన్‌ను నా దుకాణంల దించింది. "కన్ను మళ్ల తెరువన్నా. ఇంకెవ్వలకు బంద్ చేసుడు నేర్పకు" అన్నది. తిట్టలే. తిడితే బాగుండు అనిపించింది.

కన్ను తెరిచిన. మిషన్ ఎప్పుడు లేచింది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగిందనే రికార్డు లోపల ఉంటది. కన్ను లేకుండ ఎట్ల ఆగిందోనని కంప్యూటర్‌కు కలిపి చూసిన. ఆగినప్పుడు కన్ను బందే ఉన్నది. బ్యాటరీ మంచిగున్నది. ఆపింది రిమోటే. రిమోటు మీద ఆగేందుకు ఒక బటన్ ఉంటది, అది నొక్కితేనే ఆగింది.

నా పానం లేచొచ్చినట్టైంది. "శభాష్ చెల్లె. నేను గడ్డి తిన్న గానీ నువ్వు టైముకు నొక్కినవ్. ఒక పానం నిలవెట్టినవ్" అన్న.

 అలేఖ్య తలుపు దిక్కు చూసి, గొంతు తగ్గించింది.

"ఎవ్వలకు చెప్పకన్నా. నేను నొక్కలే."

"మరి?"

"గాలి మళ్లి మందు వాసన నా మొఖానికి కొట్టింది. ముక్కుకు దస్తీగుడ్డ కట్టుకుందామని... రిమోటు ఒడ్డు మీద పెట్టిన. పెట్టొద్దు, తప్పే. యెనుకకు తిరిగి దస్తీ కట్టుకుంటున్న, అప్పుడే రెక్కల సప్పుడు మారింది. తిరిగి చూస్తే మిషన్ ఆగున్నది. రిమోటు పెట్టిన కాడ్నే ఉన్నది."

"మొండయ్య గిట్ల నొక్కిండా?"

"అవుతలి ఒడ్డు మీదున్నడన్నా. నా పక్కకు ఎవ్వలు లేరు."

నేను మళ్ల రికార్డు దిక్కు తిరిగిన. ఐదు నలభై ఒకటి. ఆ బటన్ ఒక్కపాలి నొక్కితే చాలు, మిషన్ ఆగుతది. డ్రోన్ నడిపేటోళ్లకు ఎవలకైనా తెలుస్తది.

రికార్డుల మాత్రం వరసపెట్టి పదకొండుసార్లు నొక్కినట్టున్నది.